నిఘంటువు యాప్ సమీక్ష: ముందు ‘ఛానల్’ అని కొట్టి చూడండి

ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు యాప్ ఏదైనా సరే, చందా కట్టే ముందు అందులో ‘ఛానల్’ అనే మాట వెతికి చూడండి. ‘హౌస్’, ‘లవ్’, ‘బ్యూటిఫుల్’ లాంటివి కొట్టి చూస్తే ఏ యాప్ అయినా ఫస్టు క్లాసులో పాసవుతుంది. ఛానల్ దగ్గరే అసలు రంగు బయటపడుతుంది. ఈ మాట పొలంలో ఉంది, సముద్రంలో ఉంది, బీపీ మాత్ర పేరులో ఉంది, సొరుగు పక్కన ఉంది, వైఫై డబ్బాలో ఉంది. టీవీ సంగతి సరేసరి. ఇన్ని చోట్లా ఒకే తెలుగు మాట కుదరదు. కొన్ని చోట్ల తెలుగు చేయకుండా వదిలేయడమే మర్యాద. ఏది ఎక్కడో ఎరిగిన సంపాదకుడు ఆ యాప్ వెనక ఉన్నాడా లేడా అన్నది ఈ ఒక్క మాటతో తేలిపోతుంది.

నేను అనువాదాల మీద బతికే మనిషిని. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు, యంత్రాల వాడుక పుస్తకాలు, డాక్యుమెంటరీలకి సబ్‌టైటిళ్లు, ఎక్కువగా ఇవే నా చేతికొస్తాయి. ఇక్కడ సమీక్షిస్తున్న యాప్‌ని చందా కట్టి చాలాకాలంగా వాడుతున్నాను. పేరు రాయడం లేదు. మీ ఫోన్లో ఉన్నది వేరేది కావచ్చు, కింద నేను పెట్టిన పరీక్షలు దానికీ పెట్టుకోవచ్చు కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

మాట కొట్టగానే కనిపించేది ఇదీ: టీవీ ఛానల్, కాలువ, జలసంధి, మార్గం, మాధ్యమం, గాడి, వాహిక. అన్నిటి మధ్యా కామాలు. ఏది ఏ సందర్భంలో వాడాలో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. కింద ‘మరిన్ని’ అన్న మీట నొక్కితే అప్పుడు రంగాల వారీగా అర్థాలు తెరుచుకుంటాయి, ఉదాహరణ వాక్యాలూ వస్తాయి. ఆ లోపలి పేజీ పైదానికన్నా ఎంతో మెరుగు. దాన్ని లోపల ఎందుకు దాచారో నాకిప్పటికీ అర్థం కాదు. తొందరలో ఉన్నవాడు పై వరుసలోంచి ఏదో ఒకటి ఏరుకుని పోతాడు, ఆ ఏరుకున్నదే రేపు అచ్చులో కనిపిస్తుంది.

లోపలి పేజీలో నీళ్ల సంగతి రాసినవాళ్లకి మాత్రం నమస్కారం పెట్టాలి. ‘ఫీల్డ్ ఛానల్’కి పంట బోదె అని ఇచ్చారు. కెనాల్‌కీ ఛానల్‌కీ తేడా ఏమిటో రెండు వాక్యాల్లో తేల్చారు: కెనాల్ మనిషి తవ్వింది, ఛానల్ తవ్విందైనా కావచ్చు, నీరు తనంతట తాను చేసుకున్న దారైనా కావచ్చు. రెండూ లాటిన్‌లోని ‘కనాలిస్’ నుంచే వచ్చాయనీ, ఛానల్ మాత్రం పాత ఫ్రెంచి నోట్లో నలిగి ఇంగ్లీష్‌కి చేరిందనీ పక్కన చిన్న గమనిక. ఇక ‘బ్రెయిడెడ్ ఛానల్’కి ‘పాయలు పాయలుగా చీలిన ఏరు’ అన్నారు. ఇంగ్లీష్‌వాడు ఏటిని చూసి జడ అనుకున్నాడు, మనకి జడలోనూ పాయే, ఏట్లోనూ పాయే. ‘ది రివర్ ఛేంజ్డ్ ఇట్స్ ఛానల్’ అన్న వాక్యానికి ‘ఏరు దారి మళ్లింది’ అని రాసిన చేతికి తెలుగు బాగా తెలుసు. ఇదే వాక్యాన్ని పై వరుస పట్టుకుని చేస్తే ‘నది తన కాలువను మార్చుకుంది’ అని తేలుతుంది. ఆ రకం తెలుగు మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

కెనాల్, ఛానల్ తేడా నాకు బాగా అక్కరకొచ్చింది అంగారకుడి మీద ఒక డాక్యుమెంటరీకి సబ్‌టైటిళ్లు రాస్తున్నప్పుడు. 1877లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త జొవాన్ని స్కియాపరెల్లి ఆ గ్రహం మీద సన్నటి గీతల్లాంటివి చూసి వాటిని ‘కనాలి’ అన్నాడు. ఇటాలియన్‌లో ఆ మాట సహజమైన పాయలకీ చెల్లుతుంది, తవ్విన కాలువలకీ చెల్లుతుంది. ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి అది ఛానల్స్ కాకుండా కెనాల్స్ అయి కూర్చుంది. కాలువ ఉందంటే తవ్వినవాడు ఉండాలి కదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ 1894లో సొంతంగా వేధశాల కట్టించుకుని మరీ ఆ కాలువల పటాలు గీశాడు, ఎండిపోతున్న గ్రహాన్ని బతికించుకోవడానికి అక్కడివాళ్లు తవ్వుకున్నారన్నాడు. 1965లో మారినర్ 4 దగ్గరకి వెళ్లి ఫొటోలు తీస్తే కనిపించింది గుంటలు పడిన నేల.

ఈ కథలో తెలుగు అనువాదకుడికి ఒక చిక్కుంది. మన ‘కాలువ’ రెండిటికీ సరిపోతుంది కాబట్టి రెండు చోట్లా కాలువ అనేస్తే, ఎక్కడ పొరపాటు జరిగిందో చూసేవాడికి అంతుపట్టదు. యాప్ గమనిక చదివాక ఒక చోట ‘పాయలు’ అనీ ఇంకో చోట ‘తవ్విన కాలువలు’ అనీ విడగొట్టి రాశాను. తెర మీద ఒక సబ్‌టైటిల్ ఉండేది రెండు మూడు సెకన్లు, ఆ కాస్త వ్యవధిలో తేడా అందాలంటే అంతకన్నా పొట్టి దారి లేదు. ఈ ఒక్క గమనికతో చందా డబ్బులు గిట్టుబాటు అయ్యాయని అప్పుడు అనుకున్నాను.

పొలం దాటి సముద్రంలోకి వెళ్తే యాప్ తేలిపోతుంది. జలసంధి అనేది స్ట్రెయిట్‌కి స్థిరపడిన మాట. యాప్ దాన్నే ఛానల్‌కీ తొడిగింది. సరే పోనీ అనుకుంటే, డోవర్ జలసంధి ఉన్నదే ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న ఇంగ్లీష్ ఛానల్‌లో, అన్నిటికన్నా ఇరుకైన చోట, సుమారు 33 కిలోమీటర్ల వెడల్పుతో. రెండిటికీ ఒకే మాట పెడితే జలసంధిలో జలసంధి అవుతుంది. అండమాన్, నికోబార్ దీవుల మధ్య ఉన్న టెన్ డిగ్రీ ఛానల్‌ని వాక్యంలో పెట్టి ఇస్తే ‘పది డిగ్రీల కాలువ’ అని ఇచ్చింది. దాని వెడల్పు 150 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంత కాలువని ఏ గట్టు మీద నిలబడి చూడాలి? పదో అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందన్న విషయమూ చెప్పలేదు, ‘డిగ్రీ’ అంటే ఎండ వేడి అనుకునేవాళ్లు లేకపోలేదు. ఊళ్ల పేర్లలా ఇవీ పేర్లే, వీటిని ముట్టుకోకూడదు. ఆ ఇంగ్లీష్ ఛానల్‌ని ఫ్రెంచివాళ్లు ‘లా మాంష్’ అంటారు, అంటే చొక్కా చెయ్యి. దాన్ని ఎవరూ ఇంగ్లీష్‌లోకి ‘స్లీవ్’ అని మార్చి పటాల్లో వేయలేదు.

రేవుల దగ్గర ఇంకో ఛానల్ ఉంది, ఓడ అడుగు నేలకి తగలకుండా లోతు చేసి, అటూ ఇటూ బోయాలు తేలేసి గుర్తు పెట్టిన దారి. రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా ప్రపంచంలో చాలా చోట్ల ఎడమ చేతి వైపుంటుంది, అమెరికా ఖండాల్లోనూ జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లోనూ కుడి వైపుంటుంది. దీనికి యాప్ ‘ఓడల దారి’ అని ఇచ్చింది. బాగుంది, మార్కులు వేశాను.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందులని కాల్షియం ఛానల్ బ్లాకర్లు అంటారు. యాప్‌లో ఈ మాటకి ఇచ్చిన తెలుగు ‘కాల్షియం కాలువ నిరోధకం’. ఉదాహరణ వాక్యం ఇంకా ఘోరం: ‘ఈ మందు కాలువలను అడ్డుకుంటుంది.’ బీపీ ఉన్న ఒక పెద్దమనిషి ఈ కాగితం చదివాడనుకోండి. ఒంట్లో కాలువ అంటే ఆయనకి తట్టేది రక్తనాళం. అడ్డుకోవడం అంటే బ్లాక్. రక్తనాళాల్లో బ్లాకులు వస్తే ఏమవుతుందో ఇంటింటా తెలుసు. అంటే ఈ మాత్ర వేసుకుంటే నాళం పూడుకుపోతుందన్న మాట! ఆ సాయంత్రమే మాత్ర మానేస్తాడు, డాక్టరుతో కూడా అనడు.

జరిగేది సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది. రక్తనాళం గోడలో కండరం ఉంటుంది. ఆ కండర కణాల పొరలో కాల్షియం అయాన్లు లోపలికి రావడానికి ప్రోటీన్‌తో అయిన సన్నటి ద్వారాలుంటాయి. కాల్షియం లోపలికొస్తే కండరం బిగుసుకుంటుంది. మందు ఆ ద్వారాలని కొంతవరకు మూస్తుంది, కాల్షియం రాక తగ్గుతుంది, కండరం వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, ఒత్తిడి దిగుతుంది. మూసుకునేది కంటికి కనపడని ద్వారం, తెరుచుకునేది నాళం. ‘కాలువ’ అన్న మాట ఈ రెండిటినీ కలిపి ముద్ద చేసేసింది. అందుకే నేను మందుల కాగితాల్లో ‘కాల్షియం ఛానల్ బ్లాకర్’ అనే ఉంచి, పక్కనే ‘రక్తనాళాలను వదులు చేసి రక్తపోటు తగ్గించే మందు’ అని రాస్తాను. డాక్టరూ అదే పేరంటాడు, మందుల షాపులోనూ అదే వినిపిస్తుంది. తెలుగు మీద ప్రేమ వేరే చోట చూపించుకోవచ్చు.

జీవశాస్త్రానికి యాప్ ఇచ్చిన ఇంకో మాట ‘వాహిక’. ఇది కాలువంత ప్రమాదం కాదు గానీ సుఖంగానూ లేదు. పిత్తవాహిక, బీజవాహిక అంటూ ఆ మాటని మనం ఇప్పటికే గొట్టాలకి వాడేశాం, వాటిని డాక్టరు కత్తితో కోసి చూడగలడు. అయాన్ ఛానల్, అంటే పైన చెప్పిన అయాన్ల ద్వారం, ఒక ప్రోటీన్ అణువు. ఒక్కో ఛానల్ గుండా పోయే విద్యుత్తుని కొలిచే పద్ధతి కనిపెట్టి, కణాల్లో అవెలా పనిచేస్తాయో చూపించినందుకు ఎర్విన్ నేహెర్, బెర్ట్ జాక్‌మన్‌లకి 1991లో నోబెల్ ఇచ్చారు. 2003లో రసాయన శాస్త్రంలో ఇచ్చిన నోబెల్ కూడా ఛానళ్లకే, రోడరిక్ మెకినన్‌కి అయాన్ ఛానళ్ల మీద పనికి, పీటర్ ఆగ్రేకి వాటర్ ఛానళ్లు కనిపెట్టినందుకు. ఆగ్రే చెప్పిన ఆ వాటర్ ఛానళ్లు మన మూత్రపిండాల్లోనూ ఉన్నాయి. ఈ వాక్యం యాప్‌కి ఇస్తే ‘మూత్రపిండాలలోని నీటి కాలువలు’ అని వచ్చింది. ఇక పూడిక తీయించడమే తరువాయి.

యాప్‌లో ‘వాక్యంతో వెతుకు’ అని ఒక సదుపాయం ఉంది. మొత్తం వాక్యం అతికిస్తే, సందర్భాన్ని బట్టి తగిన అర్థం తనే ఎంచుతానంటుంది. ఛానల్ విషయంలో పక్క మాటే దిక్కు కాబట్టి దీని మీద నేను ఆశ పెట్టుకున్నాను. రివర్, ఇరిగేషన్ లాంటివి పక్కనుంటే బాగానే ఎంచుతుంది. టీవీ, సబ్‌స్క్రైబ్ ఉంటే చెప్పక్కర్లేదు. వ్యాపారం మాట వస్తే మాత్రం నీళ్లలోకే దిగుతుంది. ‘ఛానల్ పార్ట్‌నర్’ని ‘కాలువ భాగస్వామి’ అంది. ఒక కంపెనీ సరుకుని తన ద్వారా అమ్మిపెట్టేవాడు పాపం ఈ మాట చూస్తే ఏమనుకుంటాడో.

వైఫై రౌటర్ వాడుక పుస్తకం చేసినప్పుడు పై వరుసలోని ‘మార్గం’ నన్ను ఊరించింది. ‘సిగ్నల్ బలహీనంగా ఉంటే మార్గం మార్చండి’ అని రాస్తే చదివేవాడు డబ్బా తీసి హాల్లోంచి పడగ్గదిలో పెడతాడు. కావలసింది సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఛానల్ అంకె మార్చడం. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, ఒక్కో ఛానల్ ఆక్రమించేది 20 దాకా. అందుకే పక్కపక్క అంకెలు ఒకదాని మీద ఒకటి పడతాయి, 1, 6, 11 పెట్టుకోమని చెప్పేది అందుకే. ఇక్కడ ‘ఛానల్’ తప్ప ఇంకే మాట పెట్టినా పాఠకుడు తెర మీద ఆ మాట కోసం వెతుక్కుని దొరక్క ఫోన్ చేస్తాడు. స్పీకర్లలో 5.1 అన్నా అంతే, ఐదు ఛానళ్లు మామూలు ధ్వనికి, ఒకటి లోగొంతు శబ్దాలకి. ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లు. వీటన్నిటికీ యాప్‌లో ఉన్నది ‘మాధ్యమం’. ఎరుపు మాధ్యమంలో చదువుకున్నట్టుంది.

క్రియగా వాడినప్పటి సంగతి ఇంకా గమ్మత్తు. ‘టు ఛానల్ ఫండ్స్’కి యాప్ ‘నిధులు మళ్లించు’ అని ఇచ్చింది. నిఘంటువుగా చూస్తే తప్పు పట్టలేం. కానీ ఈరోజు తెలుగు పత్రిక చదివేవాడికి ‘నిధులు మళ్లించారు’ అంటే ఎవరో నొక్కేశారని అర్థం. ‘సంస్థ విరాళాలను బడులకు మళ్లించింది’ అని ఒక స్వచ్ఛంద సంస్థ వార్షిక నివేదికలో రాస్తే ఆడిటర్లు పరిగెత్తుకొస్తారు. ‘బడులకు అందేలా చూసింది’ అంటే సరిపోతుంది. నీళ్లు మళ్లించవచ్చు, పశువుల్ని మళ్లించవచ్చు, డబ్బు జోలికి మాత్రం ఆ మాట పోకూడదు. ఇలాంటి మరకలు ఏ మాటకి ఎప్పుడు అంటుకున్నాయో నిఘంటువు చెప్పాలి. ఈ యాప్‌లో ‘వ్యతిరేక ధ్వని’ అని ఒక గుర్తు పెట్టే ఏర్పాటు ఉంది కూడా, ఇక్కడ పెట్టలేదు.

‘త్రూ ప్రాపర్ ఛానల్’ ఉంటుందో లేదో అని చూశాను. ఉంది. ‘పై అధికారి ద్వారా’ అని చక్కగా ఇచ్చారు. ఎవరో ఉద్యోగి ఇంట్లోంచి వచ్చిన అర్థం అది, సందేహం లేదు. కస్టమ్స్ దగ్గర సుంకం కట్టే సరుకు లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానల్, ఉన్నవాళ్లు వెళ్లే రెడ్ ఛానల్ కూడా ఉన్నాయి. కానీ గుండెనో కాలేయాన్నో ఆస్పత్రికి తరలించేటప్పుడు ట్రాఫిక్ ఆపితే మన పత్రికలు దాన్నీ గ్రీన్ ఛానలే అంటాయి. ఆ అర్థం యాప్‌లో లేదు.

సొరుగు ఛానల్‌కి కూడా మొదట్లో సరైన అర్థం లేదు. వడ్రంగి పని చేయించుకున్న ఎవరినడిగినా ‘టెలిస్కోపిక్ ఛానల్ వేయించాం’ అంటారు. బయటి దేశాల్లో దాన్ని స్లైడ్ అనో రన్నర్ అనో అంటారు కాబట్టి అక్కడి నిఘంటువుల మీద ఆధారపడితే ఇది దొరకదు. యాప్ సంగతి చూస్తే ‘డ్రాయర్ ఛానల్’కి అప్పట్లో ‘సొరుగు కాలువ’ అని ఉండేది. వెల్డింగ్ షాపులో యాంగిల్ పక్కన పెట్టుకునే సి ఆకారపు ఇనుప ఛానల్‌కి మాత్రం బొమ్మ వేసి మరీ చూపించారు. పాత తెరచాప ఓడల పక్కన తాళ్లు బిగించే చెక్క పలకలనీ ఛానల్సే అంటారు. అది ‘చెయిన్ వేల్’ నుంచి అరిగి వచ్చిన వేరే మాట, స్పెల్లింగు మాత్రం కలిసింది. అది యాప్‌లో లేదు, లేదని నేనేమీ బాధపడలేదు.

వెతుకు పెట్టెలో ఒక లోపం గురించి చెప్పాలి. తెలుగులో ఈ మాటని ఛానల్, చానల్, ఛానెల్, చానెల్ అని నాలుగు రకాలుగా రాస్తాం, ఏ పత్రిక అలవాటు దానిది. యాప్ గుర్తుపట్టేది ఒక్క ‘ఛానల్’నే. మిగతా ఏది కొట్టినా ‘ఫలితాలు లేవు’ అంటుంది, ‘మీ ఉద్దేశం ఛానల్ అనేనా?’ అని కూడా అడగదు. ఇంగ్లీష్‌లో చ, ఛ అన్న తేడానే లేదు, ఒత్తు పెట్టాల్సిన పని లేదు కాబట్టి న్యాయంగా చూస్తే ‘చానల్’ అన్నవాడిదే గెలుపు, పాపం వాడికే ఏమీ దొరకదు.

మిగతా సదుపాయాలకి వంక పెట్టను. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ప్రకటనలు లేవు, అక్షరాల సైజు పెంచుకోవచ్చు, వెతికిన మాటల పట్టీ వారాల తరబడి చెరిగిపోకుండా ఉంటుంది. కథలు, చరిత్ర, వ్యవసాయం, భూగోళం అనువదించేవాళ్లకి దీన్ని ధైర్యంగా చెబుతాను, పై వరుసని చూడకుండా నేరుగా ‘మరిన్ని’లోకి వెళ్లమని మాత్రం అంటాను. సముద్రం వచ్చినప్పుడు పక్కన ఒక అట్లాసు పెట్టుకోండి.

యాప్‌లో సూచనలు పంపే చోటుంది. సొరుగు గురించి రాస్తే కొన్నాళ్లకి ‘సొరుగు జారే పట్టా, వాడుకలో ఛానల్’ అని మార్చారు, బాగా మార్చారు. బీపీ మందు గురించి అంతకన్నా ముందే రాశాను. ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది, ఇప్పటికీ అదే కనిపిస్తోంది. అది మారేదాకా మందుల కాగితాలు చేసేవాళ్లు ఆ పేజీ వైపు పోకండి.